కొత్త నీటికి కొత్త చుట్టాలు
మన చెరువుల్లో కనిపించే వింత జీవాల్లో మనవేవి? పరాయివేవి?

ఏళ్ల తరబడి నెర్రెలు బారిన కుంట ఒక్క వానకు నిండితే ఊరంతా సంబరమే. ఆ సంబరం తీరకముందే, వారం పది రోజుల్లో, ఆ నీటిలో ఏవేవో కదలడం మొదలవుతుంది. వెల్లకిలా ఈదే సన్నని పురుగులు, వీపున డొప్ప మోసే చిన్న జీవాలు, గవ్వలా మూసుకుని తెరుచుకునేవి ఇంకొన్ని. నిన్నటిదాకా దుమ్ము లేచిన చోటికి ఇవి ఎక్కడి నుంచి వచ్చాయి? ఆకాశం నుంచి వానతో పాటు పడ్డాయని పెద్దవాళ్లు అంటారు. ఏదో చెడ్డ పురుగు, మందు కొడదామని కుర్రవాళ్లు అంటారు. కాలువ నీరు పారే చెరువులో అయితే, వలకు చిక్కిన వింత చేప చుట్టూ జనం మూగుతారు. కొందరు దాన్ని కొట్టి చంపుతారు. కొందరు పాపమని మళ్లీ నీటిలోకే వదిలేస్తారు.

చంపడం సరైనదా, వదలడం సరైనదా అన్నది ఆ జీవి ఏదో తెలిస్తే గాని చెప్పలేం. కర్నూలు, నంద్యాల, కడప జిల్లాల చెరువుల్లో కొత్తగా కనిపించే జీవాల్లో కొన్ని ఈ మట్టిలో పుట్టినవే. వాటి వల్ల మేలే గాని కీడు లేదు. మరికొన్ని సముద్రాలు దాటి వచ్చినవి. అవి పాదుకున్నాయంటే చేపల రాబడికే కాదు, చెరువు కట్టకూ చేటు. రెంటినీ వేరు చేసి పోల్చుకోగలిగితే చెరువుకు సగం కాపలా కాసినట్టే.

అద్దాల తొట్టి నేర్పిన పాఠం

ఈ సంగతి బాగా తెలిసినవాళ్లు ఎక్కడో ఉన్నారు. విదేశాల్లో చాలామంది ఇళ్లలో అద్దాల తొట్లు కట్టించి, ఉప్పునీరు నింపి, సముద్రపు రాళ్లు పేర్చి, పగడాలను, రంగు చేపలను పెంచుతారు. మన దేశంలో పగడాలకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద 2001 నుంచి రక్షణ ఉంది. వాటిని తవ్వి అమ్మడం నేరం.

తొట్టిలో పెట్టిన రాయి చూడటానికి వట్టి రాయే. కొన్ని వారాలు గడిచాక దాని సందుల్లోంచి పిలవని చుట్టాలు ఒక్కొక్కటిగా బయటికి వస్తాయి. ఒంటినిండా ముళ్లలాంటి వెంట్రుకలున్న పురుగును చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. కాని అలాంటి పురుగుల్లో చాలా రకాలు కుళ్లిన మేత తిని తొట్టిని శుభ్రం చేస్తాయి. ఐప్టేసియా అనే జీవి చిన్న పువ్వులా ముచ్చటగా ఉంటుంది. అది పక్కనున్న పగడాలను కుట్టి చంపుతుంది. దాన్ని గిల్లి పారేద్దామనుకుంటే అసలుకే మోసం: మిగిలిపోయిన తునకల నుంచి మళ్లీ కొత్తవి పుట్టుకొస్తాయి. భయపెట్టేది మంచిది, ముచ్చట గొలిపేది చెడ్డది. అందుకే తొట్టి పెంచేవాళ్లు ముందు పోల్చుకుంటారు, ఆ తర్వాతే చేయి పెడతారు.

పోల్చుకోవడంలో ఆలస్యం అయితే ఏమవుతుందో చెప్పడానికి ఒక నాచు కథ ఉంది. దాని పేరు కాలెర్పా. చూడచక్కని పచ్చని నాచు కావడంతో ఉప్పునీటి తొట్లలో అందానికి పెంచేవారు. 1984లో ఐరోపాలోని మొనాకో దగ్గర, సముద్ర జీవాల ప్రదర్శనశాల కింద ఉన్న తీరంలో, ఒక చదరపు మీటరు మేర అది కనిపించింది. అప్పుడు ఎవరూ పీకలేదు. అది ఎక్కడి నుంచి వచ్చిందన్న వాదులాటలోనే ఏళ్లు గడిచిపోయాయి. ఈలోగా అది మధ్యధరా సముద్రంలో వేల హెక్టార్లు కమ్మేసింది. అదే నాచు 2000లో అమెరికాలోని కాలిఫోర్నియా తీరంలో ఒక ఉప్పుటేటిలో ఈతగాళ్ల కంట పడింది. వాళ్లు వెంటనే నిపుణులకు చూపించారు. నిపుణులు గుర్తుపట్టారు. నాచు మీద టార్పాలిన్లు కప్పి, లోపలికి క్లోరిన్ పంపి చంపారు. 2006 నాటికి అక్కడ అది పూర్తిగా పోయిందని ప్రకటించారు. నాచు ఒక్కటే. వేళకు పోల్చుకున్నచోట పోయింది, పోల్చుకోనిచోట పాతుకుపోయింది.

రాయలసీమకు సముద్రం లేదు. కాని కొత్త రాయి పెట్టిన తొట్టికీ, కొత్త నీరు చేరిన చెరువుకూ ఈ విషయంలో తేడా లేదు. మట్టిలో ఉన్నవి లేస్తాయి, నీటితో వచ్చినవి చేరతాయి, మనుషులు తెచ్చినవి కలుస్తాయి.

మట్టిలో నిద్రపోయిన బిడ్డలు

ముందుగా మన మట్టిలోవి. తొలి వానల తర్వాత కుంటల్లో, రాతి దొనల్లో, పొలాల్లో నిలిచిన నీటిలో మూడు రకాల చిన్న జీవాలు కనిపిస్తాయి. ఇవి పురుగులు కావు, రొయ్యకు దూరపు బంధువులు.

మొదటిది వెల్లకిలా ఈదుతుంది. ఒంటి మీద డొప్ప ఉండదు. ఒళ్లు అద్దంలా ఉండి లోపలి పేగు కూడా కనిపిస్తుంది. పొట్టను పైకి పెట్టి ఆకుల్లాంటి కాళ్లను అలలు అలలుగా ఆడిస్తుంది. రెండోదానికి వీపున గుండ్రటి డొప్ప, వెనక రెండు సన్నని తోకలు ఉంటాయి. అడుగున బురదను కెలుకుతూ తిరుగుతుంది. తల మీద రెండు పెద్ద కళ్లు, వాటి దగ్గర చిన్నది ఇంకొకటి, మొత్తం మూడు కళ్లు. మూడోది రెండు చిప్పల మధ్య దాక్కుని ఉంటుంది. చిన్న ఆలిచిప్ప అనుకుంటాం గాని, చిప్పల సందులోంచి కాళ్లు ఆడుతుంటే అసలు రూపం తెలుస్తుంది.

ఇవి ఆకాశం నుంచి పడలేదు. వీటి గుడ్లు ఎండిన మట్టిలోనే ఉన్నాయి. నీరు ఇంకిపోయే ముందు ఇవి గట్టి పెంకున్న గుడ్లు పెట్టి చనిపోతాయి. ఆ గుడ్లు ఎండకు ఎండి, గాలికి రేగి, పశువుల గిట్టలకు అంటుకుని, కొంగల కాళ్లతో పక్క కుంటకు చేరి, ఏళ్ల తరబడి బతికే ఉంటాయి. నీరు తగిలాక ఒకటి రెండు రోజుల్లోనే పొదగడం మొదలవుతుంది. కొన్ని వారాల్లో పెరిగి, గుడ్లు పెట్టి, బతుకు ముగిస్తాయి.

ఇందులో ఇంకో విశేషం ఉంది. మొదటి వానకే గుడ్లన్నీ పొదగవు. కొన్ని పొదుగుతాయి, మిగిలినవి మట్టిలోనే ఆగుతాయి. వాన మొహం చాటేసి కుంట వారంలోనే ఎండిపోతే, ఆగిన గుడ్లు మరుసటి వానకు పనికొస్తాయి. విత్తనాలన్నీ ఒకే పదునుకు చల్లకుండా కొన్ని గింజలు గాదెలో ఉంచుకునే మెట్ట రైతు తెలివి ఇదే.

కోస్తాలో రొయ్య పిల్లలను పెంచే కేంద్రాల్లో డబ్బాల్లో వచ్చే ఆర్టీమియా గుడ్లు వాడతారు. అమెరికాలోని గ్రేట్ సాల్ట్ లేక్ అనే ఉప్పు సరస్సు వీటికి పేరుపొందిన చోటు. ఎండు గుడ్లను నీటిలో వేస్తే ఒకటి రెండు రోజుల్లో పిల్లలు వస్తాయి. వెల్లకిలా ఈదే మన కుంట జీవికి ఆర్టీమియా దగ్గరి చుట్టమే. వీటికి మందు కొట్టడం దండగ. కప్పలకు, కొంగలకు, చేపపిల్లలకు ఇవి మంచి మేత.

భయపెట్టే స్నేహితులు

కొత్త నీటిలో కనిపించే మరి కొన్ని జీవాలు రూపానికి భయంకరంగా ఉంటాయి. ఆరు కాళ్లతో, పెద్ద కళ్లతో, బురద రంగులో ఉండేది తూనీగ పిల్ల. కింది దవడను చేయి చాచినట్టు ముందుకు విసిరి ఎరను పట్టుకుంటుంది. దాని ఎరల్లో దోమ పిల్లలు కూడా ఉంటాయి. వెనక పొడవాటి గొట్టంతో, ముందు కొండీల్లాంటి కాళ్లతో ఉండేది నీటి తేలు. ఆ గొట్టం కుట్టేది కాదు, గాలి పీల్చేది. వీపు మీద మినప గింజలు అతికించినట్టు గుడ్లు మోసే బల్లపరుపు పురుగు ఒకటి ఉంది. ఆ మోసేది తల్లి కాదు, తండ్రి. గుడ్లు పొదిగేదాకా వాటిని వీపునే ఉంచుకుని కాపాడుతుంది. ఈ పురుగులను చేత్తో నొక్కితే కరుస్తాయి, నొప్పి పుడుతుంది. కదిలించకపోతే వాటి దారిన అవి పోతాయి.

తొలకరికి పొలం గట్ల మీద పాకుతూ కనిపించే కొర్రమీను, మార్పు చేపలు కూడా ఆకాశం నుంచి పడినవి కావు. అవి గాలి పీల్చగలవు. తడి నేల మీద పాకి ఒక మడుగు నుంచి ఇంకో మడుగుకు చేరగలవు.

కాలువ వెంట వచ్చేవి

ఒకప్పుడు కృష్ణ చేప కృష్ణలో, పెన్న చేప పెన్నలో ఉండేది. రెంటి మధ్య గట్టు నేల. మద్రాసు ఇరిగేషన్ కంపెనీ 19వ శతాబ్దంలో తవ్వించిన కర్నూలు–కడప కాలువ తుంగభద్ర నీటిని సుంకేసుల నుంచి పెన్న వైపు మళ్లించింది. 1882లో ప్రభుత్వం ఆ కాలువను కొని తన చేతిలోకి తీసుకుంది. ఆ తర్వాత శ్రీశైలం జలాశయం వచ్చింది. పోతిరెడ్డిపాడు, బానకచర్ల మీదుగా తెలుగుగంగ, గాలేరు–నగరి కాలువలు సాగాయి. వెలుగోడు, బ్రహ్మంసాగర్, అవుకు, గండికోట జలాశయాలకు కృష్ణ నీరు చేరింది.

ఈ నీరు సీమకు ప్రాణం. అయితే కాలువకు తూము ఎత్తినప్పుడు నీరొక్కటే రాదు. చేప గుడ్లు, పిల్లలు, గుర్రపుడెక్క ముక్కలు కూడా వస్తాయి. ఎగువన ఎక్కడో ఒక ఊళ్లో చెరువులో వదిలిన చేప ఎన్నో ఊళ్ల అవతల వలకు తగలవచ్చు. చేపపిల్లలు తెచ్చే లారీల్లో మేలు రకాల మధ్య మరో రకం కలిసి రావడం రెండో దారి. మూడో దారి అద్దాల తొట్టి. అసలు చేటు ఎక్కువగా ఈ మూడో దారినే వచ్చింది.

తొట్టి నుంచి చెరువుకు దిగిన రాకాసి

రంగు చేపల దుకాణంలో రెండు మూడు అంగుళాల నల్లని చేప ఒకటి అమ్ముతారు. అద్దానికి నోరు అతికించి పాచి తింటుంది కాబట్టి సక్కర్ చేప అనీ, తొట్టి శుభ్రం చేసే చేప అనీ అంటారు. అది పుట్టిన చోటు దక్షిణ అమెరికా. కొన్నవాళ్లకు మొదట్లో తెలియనిది ఏమిటంటే, ఆ చేప అడుగున్నర దాకా పెరుగుతుంది. తొట్టి చాలదు. చంపడానికి చేతులు రావు. పుణ్యం వస్తుందని తీసుకుపోయి చెరువులోనో, కోనేట్లోనో వదులుతారు. అలా వదిలినవే మన దేశంలో ఎన్నో చెరువులకు ఎక్కాయి. చాలాచోట్ల దీన్ని దెయ్యం చేప, రాకాసి చేప అంటున్నారు.

దీన్ని పోల్చుకోవడం కష్టం కాదు. ఒంటి మీద పొలుసులు ఉండవు, ఎముక పలకలు కవచంలా ఉంటాయి. నోరు తలకు ముందు కాక కింద, గిన్నెలా ఉంటుంది. వీపు రెక్క తెరచాపలా నిలబడుతుంది. ఒంటి మీద నల్లని మచ్చలో, చిక్కుదారుల్లాంటి గీతలో ఉంటాయి. పక్క రెక్కల ముందు గట్టి ముళ్లు ఉంటాయి. నీటి నుంచి తీసినా గంటల తరబడి చావదు, గాలి మింగి బతుకుతుంది.

ఒక జాగ్రత్త మాత్రం అవసరం. తూర్పు కనుమల కొండ వాగుల్లో రాళ్లకు అతుక్కుని బతికే గర్రా జాతి చిన్న చేపలు ఉన్నాయి. వాటి నోరు కూడా కిందే. కాని వాటికి మామూలు పొలుసులు ఉంటాయి, ఎముక పలకలు ఉండవు, సైజు చిన్నది. అవి మన చేపలు. వాటిని చంపకూడదు.

రాకాసి చేప ముళ్లకు వలలు చిరుగుతాయి. దాన్ని చిక్కు విడదీయడానికి ఒక్కోసారి వల కోయాల్సి వస్తుంది. సంతలో దానికి ధర పలకదు. మంచి చేపల మేతలో వాటా తింటుంది. మెక్సికో దేశంలో ఇన్‌ఫియెర్నిలో అనే జలాశయం జిలేబి చేపకు పేరుపొందిన చోటు. అక్కడ ఈ చేప చేరాక వలల్లో అదే ఎక్కువగా పడి మత్స్యకారుల బతుకు దెబ్బతింది. హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు తూర్పు కనుమల నీటి వనరుల్లో దీనికోసం వెతికారు. పరిశీలించిన వాటిలో సుమారు 60 శాతం చోట్ల ఇది ఉన్నట్టు 2024లో వెల్లడైంది. వాళ్లు వల వేయలేదు. చేప వదిలిన కణాలు నీటిలో ఉంటాయి కాబట్టి, తెచ్చిన నీటిని వడగట్టి అందులోని డీఎన్‌ఏను బట్టి పోల్చారు.

కట్టకు కన్నం

రైతుకు అసలు భయం వల కాదు, కట్ట. గుడ్లు పెట్టే వేళకు ఈ చేప మట్టి గట్టులో మూడు నాలుగు అడుగుల లోతున బొరియ తవ్వుతుంది. మగ చేప లోపల కూర్చుని గుడ్లను కాపలా కాస్తుంది. ఒకదాని పక్కన ఒకటిగా బొరియలు పడితే గట్టు గుల్లబారుతుంది. అమెరికాలోని ఫ్లోరిడాలో చెరువులు, కాలువల గట్లు ఇలా కోతకు గురయ్యాయి.

కట్ట విలువ ఈ జిల్లావాళ్లకు ఒకరు చెప్పనక్కర లేదు. కడప జిల్లా పోరుమామిళ్లలో అనంతరాజ సాగరం ఉంది. విజయనగర బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు కట్టించిన ఆ చెరువు దగ్గరి 1369 నాటి శాసనంలో చెరువు కట్టడానికి ఉండాల్సిన 12 అంగాలు, ఉండకూడని 6 దోషాలు చెప్పారు. రోజూ 1000 మంది కూలీలు, రాయి తోలడానికి 100 బండ్లు, 2 ఏళ్ల పని అని కూడా రాశారు. ఆ దోషాల వరసలో మొదటిది కట్ట నుంచి నీరు కారడం. ఆ చెరువులో రాకాసి చేప చేరిందని కాదు. మట్టికట్టలో పడే చిన్న కన్నం ఎంత పెద్ద దోషమో ఆరున్నర శతాబ్దాల కిందటే ఇక్కడివాళ్లకు తెలుసునని చెప్పడం.

భయం అక్కర్లేనివి, ఉపేక్ష పనికిరానివి

అప్పుడప్పుడు ‘మనిషిని తినే పిరానా’ దొరికిందని పుకారు లేస్తుంది. చాలాసార్లు అది రూప్‌చంద్. ఇదీ దక్షిణ అమెరికా చేపే, ఆంధ్రాలో చెరువుల్లో విస్తారంగా పెంచి అమ్ముతున్నారు. నోరు తెరిచి చూస్తే తేడా తెలుస్తుంది. పిరానా పళ్లు రంపంలా మూడు మూలలుగా, పదునుగా ఉంటాయి. రూప్‌చంద్ పళ్లు మనిషి పళ్లలా బల్లపరుపుగా ఉంటాయి. తినవచ్చు. కాని పెంపకం చెరువు దాటి వంకల్లోకి పోనివ్వకూడదు.

ఆఫ్రికా మార్పు వేరే సంగతి. మన మార్పు చేప మూరకు మించదు. ఆఫ్రికాది మనిషంత పొడవుకు దగ్గరగా పెరగగలదు, ఒంటి మీద మసక మచ్చలు ఉంటాయి. దొరికిన చేపనల్లా మింగుతుంది. దీని పెంపకాన్ని మన దేశంలో 2000లో నిషేధించారు. చిన్న పిల్లలుగా ఉన్నప్పుడు మనదానికీ దీనికీ తేడా పట్టడం కష్టం కాబట్టి, సందేహం ఉంటే మత్స్యశాఖవారికి చూపాలి.

1952లో మన దేశానికి తెచ్చిన జిలేబి ఇప్పుడు ఊరూరి చేప. తల్లి గుడ్లను నోట్లో పెట్టుకుని పొదుగుతుంది కాబట్టి పిల్లలు చావవు, చెరువు నిండిపోతుంది. దోమల కోసం 1928లో తెచ్చిన గంబూసియా వేలెడు కూడా ఉండదు. దోమ పిల్లలతో పాటు ఇతర చేపల గుడ్లను, కప్ప పిల్లలను కూడా తింటుంది. నీటి తొట్టికి, పాడుబడిన బావికి సరే గాని, వంకలో, వాగులో వదలరాదు.

చేయవలసింది ఏమిటి?

తెలియని జీవి కనిపిస్తే ముందు చూడాల్సినవి నాలుగు: ఒంటి మీద పొలుసా, పలకా, వట్టి చర్మమా, నోరు ముందుందా, కిందుందా, రెక్కల్లో ముల్లు ఉందా, ఎంత పొడవు ఉంది. పక్కన ఒక స్కేలో, అగ్గిపెట్టో పెట్టి పైనుంచి, పక్కనుంచి, పొట్ట వైపు నుంచి ఫొటోలు తీయాలి. ఏ చెరువు, ఏ తేదీ, నీరు వాన నీరా, కాలువ నీరా అన్నది రాసుకోవాలి. ఆ వివరాలతో మండలంలోని మత్స్యశాఖ సిబ్బందికి చూపాలి. హైదరాబాద్‌లో భారత జంతు సర్వేక్షణ సంస్థకు మంచినీటి జీవాల ప్రాంతీయ కేంద్రం కూడా ఉంది.

రాకాసి చేప అని తేలితే తిరిగి నీటిలో వేయకూడదు. గట్టు మీద పారేసి పోయినా చాలదు, పాకి నీటిలోకి పోవచ్చు. చచ్చిందని రూఢి చేసుకుని నీటికి దూరంగా పూడ్చాలి. వేసవిలో చెరువు అడుగంటినప్పుడు కట్ట లోపలి వాలును నడిచి చూసి, బొరియలు ఉంటే గట్టి మట్టితో దిమ్మిస చేయాలి. మడుగుల్లో మిగిలిన రాకాసి చేపలను ఏరడానికి కూడా అదే అదను. చేపపిల్లలు దింపేటప్పుడు లారీ దగ్గరే వల పరచి, వేరు రకం ఉంటే పక్కకు తీయాలి.

పట్నంలో అద్దాల తొట్టి ఉన్న బంధువులకు చెప్పాల్సింది ఒక్కటే. తొట్టిలో చేప పెరిగిపోతే అమ్మిన దుకాణానికే తిరిగి ఇవ్వండి, పండక్కి ఊరికి వస్తూ చెరువులో మాత్రం వదలకండి. ఒక చేప ప్రాణం కాపాడిన పుణ్యం, కట్ట కింద ఆయకట్టు మునిగిన రోజున లెక్కకు రాదు. ఇక వాన కుంటలో వెల్లకిలా ఈదే చిన్న ప్రాణి జోలికి పోనక్కర లేదు. అది ఎక్కడి నుంచో వచ్చింది కాదు. వాన కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసిన ఈ నేల బిడ్డే.